కామరూప కీటకములు: ఒక కథాక్రీడయందలి నియమములు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమునందు పురుగులను గూర్చిన ఉపన్యాసమేమిటని కొందరికి తోచవచ్చును. పుస్తకముల బీరువాకును పురుగునకును వైరము పాతదే. కాని నేటి విషయము పుస్తకమును తినెడి పురుగు కాదు. మనిషిని తినెడి పురుగు. అదియు పొలములోనిది కాదు. నలుగురు స్నేహితులు ఒక బల్ల చుట్టును కూర్చుండి, కాగితము, పెన్సిలు, పాచికలు ముందుంచుకొని, నోటిమాటతో నడిపెడి యొక ఆటలోనిది. అది మనిషిలో చేరును. మనిషిని తనవలె మార్చును. ఒక్కొక్కప్పుడు మనిషి రూపముతోనే మనుష్యుల నడుమ తిరుగును. అట్టి ప్రాణికి ఆటయందు ఎట్టి నియమములు విధింపబడినవి, ఆ నియమములలో పెద్దలును పిన్నలును గ్రహింపదగినది ఏమున్నది అనునదే ఈ ప్రసంగమునకు విషయము.

మొదట ఆట యెట్టిదో తెలియవలెను. పచ్చీసు, చదరంగము, వైకుంఠపాళి మొదలగువానిలో గెలుపు ఓటములు కలవు. ఈ ఆటలో అవి ముఖ్యములు కావు. హరికథ చెప్పుచున్న భాగవతారును శ్రోత యొకడు ఆపి, "రాజు ఆ తలుపు తెరువక కిటికీలోనుండి చూచినచో నేమగును?" అని అడిగెననుకొనుడు. భాగవతారు కోపింపక, ఆ ప్రశ్నను బట్టి కథను మార్చి చెప్పవలసివచ్చినచో ఎట్లుండును? ఈ ఆట అట్టిది. ఒకడు సూత్రధారుడు, లోకమును, అందలి ఆపదలను అతడు వర్ణించును. తక్కినవారు తలకొక పాత్రను ధరింతురు. పాత్ర యేమి చేయునో ఆటగాడు చెప్పును. ఆ పని నెరవేరునో లేదో సందేహమైనపుడు పాచికలు తీర్పు చెప్పును. వ్రాసిన సంభాషణలు లేని నాటకమనియు, నియమములు గల కథాకాలక్షేపమనియు దీనిని పిలువవచ్చును.

ఈ క్రీడకు పూర్వరూపము సైనిక శిక్షణలో నుండెను. 1824 ప్రాంతమున ప్రష్యా సైన్యమువారు పటములపై పాచికలతో యుద్ధములను అభ్యసించెడివారు. తరువాత అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిద్దరు ఔత్సాహికులు, సైన్యములకు బదులు ఒక్కొక్క వీరుని నడుపు పద్ధతిని కల్పించి, 1974 సంవత్సరమున "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అను పేరుతో మూడు చిన్న పుస్తకములను ఒక పెట్టెలో పెట్టి అమ్మిరి. మొదట అచ్చువేసినవి వేయి ప్రతులు మాత్రమే. ఆ వేయి ప్రతులనుండి ఇట్టి ఆటలు ప్రపంచమంతటను వ్యాపించినవి.

కథకు నియమము లెందుకని అడుగవచ్చును. వీధిలో పిల్లల ఆటను చూచినవారికి దీని కారణము తెలియును. ఒకడు "నేను పులినైతిని" అనును. రెండవవాడు "నేను వేటగాడనైతిని" అనును. మొదటివాడు "అయినచో నేను ఈగనై యెగిరిపోతిని" అనును. అంతట కలహము, ఆ వెనుక ఏడుపు, ఆట సమాప్తము. ఎవడు ఎప్పుడైనను ఏదైనను కాగలిగినచో భయమునకు తావు లేదు, ధైర్యమునకు పని లేదు. హద్దు లేని శక్తి కథను చంపును. కామరూపము, అనగా కోరిన రూపమును ధరించు శక్తి, అన్ని శక్తులలోను హద్దు అవసరమైనది.

మన పురాణకర్తలు ఈ సంగతిని చక్కగా ఎరిగినవారు. తక్షకుడు చిన్న పురుగై పండులో దాగి పరీక్షిన్మహారాజును చేరెను. కాని ఆ పని ఏడవదినమున జరుగవలెనని ముని శాపము ముందే గడువు పెట్టినది. ఆ గడువు వలననే ఏడు దినముల కథకు బిగువు. కర్ణుని తొడను తొలిచిన పురుగు నిజమునకు దంశుడను అసురుడు. భృగువు శాపమున పురుగైనవాడు. భృగువంశజుడైన పరశురాముని వలన అతనికి శాపవిమోచనము. మార్పునకు కారణము, విమోచనమునకు మార్గము రెండును ముందే నిర్ణయింపబడినవి. అరుణాసురుడు రెండు కాళ్ల ప్రాణివలనను, నాలుగు కాళ్ల ప్రాణివలనను చావు లేకుండ వరము పొందెను. దేవి ఆరు కాళ్ల తుమ్మెదల దండును విడిచి వానిని సంహరించినదని దేవీభాగవతము చెప్పుచున్నది. వరము నియమమే, నియమములోని సందే కథకు ప్రాణము. శ్రీశైలమున భ్రమరాంబను సేవించువారికి ఈ గాథ క్రొత్తది కాదు.

కావున రూపము మార్చు ప్రాణిని ఆటలో ప్రవేశపెట్టువాడు అయిదు ప్రశ్నలకు సమాధానము చెప్పవలసియున్నది. మారునది ఎవరి దేహము? ఎంతకాలము? మారినపిమ్మట పూర్వపు మనస్సులో నేమి మిగులును? మార్పునకు మూల్యమేమి? మారినవానిని గుర్తించుట కేది ఆనవాలు?

సులభమైన దృష్టాంతమును ముందు చూతము. పైన చెప్పిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటయొక్క 2014 నాటి ప్రతిలో అడవులను కాపాడు "డ్రూయిడ్" అను మాంత్రికుడు మృగరూపమును దాల్చగలడు. ఒకసారి విశ్రాంతి పొందినపిమ్మట మరల విశ్రాంతి పొందువరకు రెండు పర్యాయములే దాల్చవలెను. అతని మెట్టులో సగము గంటలు మాత్రమే ఆ రూపము నిలుచును. నాలుగవ మెట్టువానికి రెండు గంటలు. ఎనిమిదవ మెట్టు చేరువరకు ఎగిరెడి ప్రాణి కారాదు. కావున ప్రారంభదశలోనివాడు పెద్ద సాలెపురుగు కావచ్చును గాని కందిరీగ కాజాలడు. దేహబలము మృగముది, బుద్ధి, వివేకము మాత్రము మాంత్రికునివే. ఆ రూపములో ప్రాణశక్తి హరించినచో స్వరూపమునకు తిరిగివచ్చును. మిగిలిన దెబ్బ స్వరూపమునకే తగులును.

అదే ఆటయొక్క 2000 సంవత్సరపు ప్రతిలో "అరానియా" అను ప్రాణి కలదు. సాలెపురుగు దాని నిజరూపము. మనుష్యరూపమును దాల్చగలదు, కాని ఎల్లప్పుడును ఒకే మనుష్యరూపము. ఊరిలో నేడు ఒకని ముఖముతోను రేపు మరొకని ముఖముతోను తిరుగజాలదు. రెండింటికి నడిమిదైన మూడవ రూపము కూడ దానికి కలదు. చచ్చినపుడు నిజరూపము బయటపడును. మాయలేడియైన మారీచుడు రామబాణము తగిలినపుడు రాక్షసరూపమున పడుట స్మరించువారికి ఈ నియమము పరిచితముగనే తోచును.

ఈ రెండు దృష్టాంతములలోను మారునది ఎవని దేహమో మార్చునది వాడే. తన యిల్లు తాను కట్టుకొన్నట్లు, తన దేహము తాను మార్చుకొనుచున్నాడు. ఇందులో అధర్మము లేదు. అసలు చిక్కు, మారునది ఇతరుని దేహమైనపుడు వచ్చును. కీటకభూతముల నియమములు ఇక్కడ మొదలగుచున్నవి.

1989 సంవత్సరమున అమెరికాలోని షికాగో నగరమున "ఫాసా" అను ప్రచురణ సంస్థ "షాడోరన్" అను ఆటను వెలువరించినది. దాని కథాకాలము 2050 సంవత్సరముతో మొదలగును. లోకమునకు మంత్రశక్తి మరల వచ్చినది, యంత్రములు మితిమీరినవి, ప్రభుత్వములకన్న పెద్ద వ్యాపారసంస్థలు బలపడినవి. పాత్రధారులు నీడచాటున కూలికి ప్రమాదకరమైన పనులు చేయువారు. ఆరు ముఖముల పాచికలు పిడికెడు తీసుకొని వేయుట దీని పద్ధతి. 2005 సంవత్సరపు నాలుగవ ప్రతినుండి అయిదు గాని ఆరు గాని పడిన పాచిక ఒక జయముగా లెక్కింపబడుచున్నది. అనగా ఆరు పాచికలు వేసినవానికి సగటున రెండు జయములు లభించును. ఫాసా సంస్థ 2001లో తన ప్రచురణలను నిలిపివేసినను, ఆట ఇతరుల చేతులలో కొనసాగి, 2019లో ఆరవ ప్రతి వెలువడినది.

ఈ ఆటలోని కీటకభూతములు వేరొక లోకమునకు చెందినవి. చీమ, చెదపురుగు, తేనెటీగ, కందిరీగ, బొద్దింక మున్నగు జాతులు వానిలో కలవు. దేహము లేనిదే అవి ఈ లోకమున నిలువజాలవు. అందుచేత వానిని కొలుచు మాంత్రికుడొకడు ముందు కావలెను. అతడు ఒక మనుష్యుని పట్టి తెచ్చి, భూతమును అతనిలో ప్రవేశపెట్టును. ఆ మనుష్యుడే ఆతిథేయి. పరాన్నజీవికి ఆశ్రయమైన ప్రాణిని జంతుశాస్త్రమువారు ఈ పేరుతో పిలుతురు. ఆతిథేయి కొన్ని దినములు గూటిలో చుట్టబడి యుండును. ఆ గూటిలో భూతబలమునకును మనుష్యుని మనోబలమునకును పోరాటము. దాని ఫలమును పాచికలు నిర్ణయించును.

ఫలితములు మూడు విధములు. మొదటిది పూర్ణరూపము: మనుష్యదేహము పూర్తిగ నశించి, మనిషియెత్తు కీటకము వెలువడును. రెండవది సంకరరూపము: సగము మనిషి, సగము పురుగు; కన్నులో, దవడలో, చర్మములో కీటకలక్షణము కనబడును. మూడవది దేహరూపము: వెలుపల మనిషి మనిషివలెనే యుండును. పూర్వపు జ్ఞాపకములు కొన్ని లోపలనున్న భూతమునకు ఉపయోగపడును. ఇంటికి దారి తెలియును. భార్య పేరు తెలియును. కాని పలుకునది భర్త కాడు.

ఈ మూడింటిలో ఏది ఘోరమైనది? క్రొత్తగా ఆడువారు మొదటిదే యందురు. ఆటలో ఆరితేరినవారు మూడవదాని పేరు చెప్పుదురు. మనిషియెత్తు చీమను చూచి ఎవడైనను పారిపోవును. తెలిసిన ముఖమును చూచి ఎవడు పారిపోవును?

నియమకర్తలు ఇంత బలము గల ప్రాణికి హద్దులు కూడ విధించిరి. మాంత్రికదృష్టి గల పాత్ర ఆ మనిషి చుట్టునున్న కాంతిని పరీక్షించి లోపలి భూతమును కనిపెట్టవచ్చును. అయితే అది కూడ పాచికల పరీక్షయే, తప్పిపోవచ్చును. సామాన్యమైన ఆయుధములు ఈ భూతములపై అంతగ పనిచేయవు. కాని పురుగుల మందు పనిచేయును! తుపాకులకు లొంగని భూతము, రైతు వీపున తగిలించుకొను పిచికారి ముందు నిలువజాలదు. దేహమును ధరించినవాడు దేహధర్మములకు లోబడవలసినదే యను న్యాయము ఇందున్నది. మరియొక హద్దు: చీమ, తేనెటీగ మొదలగు సంఘజీవులకు రాణి యుండును, పనివారు, కాపలావారు, వేగువారు, పిల్లలను సాకువారు అను విభాగము లుండును. కావున ఒక పురుగును చంపుటతో పని తీరదు. పట్టు ఎక్కడనున్నదో వెదకవలెను. ఆట కేవలము యుద్ధముగా మిగిలిపోక, అన్వేషణగా మారుటకు ఈ నియమమే కారణము.

ఈ కల్పన ఎక్కడనుండి వచ్చినది? మన వేదాంతులు తరచుగా చెప్పు భ్రమరకీట న్యాయము ఇచట జ్ఞప్తికి రాకమానదు. తుమ్మెద యొక పురుగును తెచ్చి మట్టిగూటిలో పెట్టి చుట్టును ఝంకారము చేయును. ఆ పురుగు భయముచేత నిరంతరము తుమ్మెదనే తలచి, కడకు తుమ్మెదయే యగును. దేనిని ధ్యానించునో జీవుడు దానియగునని తాత్పర్యము. శిష్యుడు గురువును, భక్తుడు భగవంతుని ఇట్లు పొందునని చెప్పుదురు.

ప్రకృతిశాస్త్రము అదే గూటిని తెరచి చూచినది. ఫ్రెంచి దేశీయుడైన జాన్ ఆన్రీ ఫాబ్ర్ (1823–1915) వేటాడు కందిరీగలను ఏండ్లతరబడి పరిశీలించెను. గూటిలోనికి తేబడిన పురుగు చచ్చినది కాదు. కాటు వలన కదలలేక పడియున్నది. కందిరీగ దానిపై గ్రుడ్డు పెట్టి పోవును. గ్రుడ్డునుండి వచ్చిన పిల్ల ఆ కదలలేని పురుగును కొంచెము కొంచెముగ తిని పెరిగి, రెక్కలు తొడిగి వెలుపలికి వచ్చును. వెలుపల నిలిచి చూచువానికి పురుగు లోపలికి పోయినది, కందిరీగ బయటకు వచ్చినది. కావున పురుగే కందిరీగయైనదని తోచును. లోపల జరిగినది మార్పు కాదు, భోజనము.

దీనివలన వేదాంతుల ఉపమానము తాత్పర్యము చెడదు. అది మనస్సునకు చెప్పిన మాట, పురుగునకు కాదు. కాని రెండు విధములైన మార్పులు కలవని మాత్రము తేలుచున్నది. ఒకదానిలో జీవుడు పెరిగి మరియొకటి యగును. రెండవదానిలో జీవుని తిని మరియొకటి పెరుగును. వెలుపలికి రెండును ఒకటిగనే కనబడును.

మొదటి విధమునకు కూడ కీటకములలోనే సాక్ష్యము కలదు. గొంగళిపురుగు గూటిలో దాదాపు కరగిపోయి సీతాకోకచిలుకగా మరల నిర్మింపబడును. దానికి పూర్వపు జ్ఞాపక మేమైన మిగులునా యను ప్రశ్న చాలకాలముగ నుండెను. 2008 సంవత్సరమున అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు, ఆ దేశపు పొగాకు మొక్కలను తిను పెద్ద గొంగళిపురుగులకు ఒక వాసన చూపుచు, స్వల్పమైన విద్యుద్ఘాతము నిచ్చిరి. పురుగులు ఆ వాసనకు దూరముగ తొలగుట నేర్చినవి. గూడు కట్టుటకు ముందరి చివరి దశలో నేర్చిన పురుగులు, రెక్కలు వచ్చిన పిమ్మట కూడ ఆ వాసనను తప్పించుకొన్నవి. రూపమంతయు మారినను నేర్చినది మిగిలినది. కావున అది వేరొక ప్రాణి కాదు, ఆ ప్రాణియే.

ఇప్పుడు షాడోరన్ ఆటలోని దేహరూపమును మరల చూడుడు. అచ్చటను జ్ఞాపకము మిగిలినది. కాని ఆ జ్ఞాపకము ఎవరికి పని చేయుచున్నది? రెక్కలు వచ్చిన ఆ పురుగులో జ్ఞాపకము దాని యజమానికే ఉపయోగపడుచున్నది. కీటకభూతము చేతిలో అది దొంగ చేతికి చిక్కిన తాళపుచెవి. కావున "జ్ఞాపకము మిగిలినదా?" అను ప్రశ్న చాలదు, "ఎవరి కొరకు మిగిలినది?" అని కూడ అడుగవలెను. మంచి నియమావళి పిల్లలచేత కూడ ఇట్టి ప్రశ్నలను అడిగించును.

ఆట రచయితలు ఈ భూతములకు ఆతిథేయులను సమకూర్చు మార్గమును గూర్చి కూడ ఆలోచించిరి. 1990లో వెలువడిన "యూనివర్సల్ బ్రదర్‌హుడ్" అను ఆటపుస్తకములో, ఆ పేరు గల యొక కల్పిత ధర్మసంస్థ వర్ణింపబడినది. విశ్వసోదర సంఘమని ఆ పేరునకు అర్థము. అది ఆకలిగొన్నవారికి ఉచితముగ అన్నము పెట్టును. దిక్కులేనివారికి నీడ నిచ్చును. "నీవు ఒంటరివాడవు కావు" అని వీపు తట్టును. దాని అంతర్భాగమున కీటకమాంత్రికులు ఆతిథేయులను ఎన్నుకొనుచుందురు. కథ ముదిరి, 1994లో వచ్చిన "బగ్ సిటీ" అను పుస్తకమునాటికి, ఆట ప్రపంచములోని షికాగో నగరము 2055లో పురుగుల పాలై, చుట్టును గోడకట్టి మూసివేయబడును. ఆటను ప్రచురించిన సంస్థ నెలకొన్నది ఆ నగరమునందే యని గుర్తించినచో, రచయితలు ఆపదను పరాయి ఊరికి అంటగట్టలేదని తెలియును.

ఆ సంస్థ ఎవరిని ఎన్నుకొనెను? ధనికుని కాదు, ప్రసిద్ధుని కాదు. వాడు రెండు దినములు కనబడకపోయిన వెదకువారుందురు. ఏ మనిషి మాయమైనను అడుగువారు లేరో ఆ మనిషినే ఎన్నుకొనెను. అన్నము పెట్టుట తప్పు కాదు. నీడ నిచ్చుట తప్పు కాదు. అన్నము పెట్టి మనిషిని అతని బంధువులనుండి, మిత్రులనుండి, పూర్వపు పేరునుండి వేరుచేయుట చూచినపుడు అనుమానింపవలెను. పెంచెడి సంఘము మనిషిని తన యింటికి మరింత దగ్గర చేయును. మింగెడి సంఘము ఇంటిదారిని మరపించును. ఈ భేదము ఆటలోనే కాదు, లోకములో కూడ పనికివచ్చును.

ఇట్టి ఆటలలో నొక మంచి సంప్రదాయము కలదు. అచ్చైన నియమములకు తోడు, ఆడువారు తమలో తాము ఇంటినియమములను చేర్చుకొనవచ్చును. గ్రంథాలయపు చదువుగదిలో సాయంకాలము కూర్చుండు యువజనులు ప్రయత్నింపదలచినచో, సులభమైన యొక నియమము ఇచట ప్రతిపాదింపబడుచున్నది. ఇది పై పుస్తకములలోనిది కాదు. రెండు పాచికలు చాలును.

భూతమునకు ఒకటి మొదలు ఆరు వరకు బలము వ్రాయవలెను. ఆతిథేయికి అట్లే మనోబలము వ్రాయవలెను. గూటిలో మూడు దినములు. దినమునకొక పందెము. సూత్రధారుడు ఒక పాచిక వేసి భూతబలమును కలుపును. ఆటగాడు ఒక పాచిక వేసి మనోబలమును కలుపును. ఎక్కువ వచ్చినవారిది ఆ దినము. సమానమైనచో మనిషిదే, ఏలయనగా ఇల్లు అతనిది. మూడింట రెండు దినములు గెలిచినవారిది దేహము. ఇక ముఖ్యమైన ఉపనియమము: ఆ మనిషి కనబడుటలేదని గుర్తించి, పేరు పెట్టి పిలుచుచు వెదకుచున్న ఒక్కొక్క పాత్రకు, మనోబలమునకు ఒకటి చొప్పున చేర్చవలెను.

దీని ఫలితమును లెక్కించి చూతము. భూతబలము నాలుగు, మనోబలము రెండు అనుకొనుడు. రెండు పాచికలు పడుటకు 36 విధములు. వెదకువారు లేనిచో మనిషి ఒక దినము గెలుచుట 10 విధములలో మాత్రమే. మూడు దినముల పందెములో అతడు బయటపడుట నూటికి సుమారు 19 పర్యాయములు. అదే మనిషికొరకు ఇద్దరు వెదకుచున్నచో, 36లో 21 విధములు అతనివి. మూడు దినములకు నూటికి సుమారు 62. భూతము బలము తగ్గలేదు. మనిషి క్రొత్తగా వీరుడు కాలేదు. ఇద్దరు మనుష్యులు "వాడేడీ?" అని అడిగిరి, అంతే.

మరియొక నియమము ఆట వెలుపలిది. పురుగులన్న కొందరికి నిజముగనే వణుకు. భయము వినోదమునకు లోబడి యున్నంతవరకే ఆట. 2013లో జాన్ స్టావ్రోపౌలస్ అను అమెరికను ఒక చక్కని పద్ధతిని ప్రచారములోనికి తెచ్చెను. ఇంటూ గుర్తు వేసిన ఒక అట్టముక్క బల్లమధ్య నుండును. కథలోని ఘట్టము ఎవరికైనను భరింపరానిదైనచో ఆ అట్టను తాకుట చాలును. కారణము అడుగకుండ సూత్రధారుడు ఆ ఘట్టమును విడిచి ముందుకు సాగవలెను. చిన్నపిల్లలు కూర్చుండుచోట దీనిని తప్పక పాటింపవలెను. ఆడువాని మనస్సును గౌరవింపని ఆట, ఆతిథేయి మనస్సును లెక్కింపని భూతమునకు తీసిపోదు.

గ్రంథాలయములో ఆటలేమని శంకించు పెద్దలకు ఒక మాట విన్నవింపవలసియున్నది. ఈ ఆటకు నియమపుస్తకము చదువవలెను, పాత్రను వ్రాయవలెను, లెక్క వేయవలెను, ఎదుటివాని మాట పూర్తిగ వినవలెను. చదువు, వ్రాత, లెక్క, వినయము నాలుగును అందులో కలవు. పురాణకథలు తెలిసిన బాలునికి తక్షకుడును, భ్రమరియు ఆటలో పాత్రలగుదురు. తెలియని బాలుడు వారికొరకు బీరువా తెరచును.

కీటకభూతముల నియమములన్నిటిని ఒకచోట చేర్చి చూచినచో తేలునది ఇది. రూపము మారుట ఆపద కాదు. చదువుకొన్న ప్రతివాడును కొంత మారును. ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గది తలుపు తెరచి లోనికి వచ్చినవారు, వచ్చినట్లే వెలుపలికి పోలేదు. మారిన వెనుక ఆ మనిషి మిగిలెనా, లేదా అతని స్థానమున మరొకటి వచ్చి కూర్చుండెనా యనునదే చూడవలసినది. దానిని కనిపెట్టుటకు అతనిని మునుపు ఎరిగినవారు కావలెను. ఆటలో మాంత్రికదృష్టి చేయు పనిని ఊరిలో పరిచయము చేయును.

చదువరుల పట్టికలో పేరున్నవాడు వారము దినములు రాకపోయినచో, "ఆయన ఏల రాలేదు?" అని విచారించు అలవాటు ఈ గ్రంథాలయమున నిలిచియుండుగాక. స్వర్ణోత్సవమునాటికి పుస్తకముల సంఖ్యతోబాటు అట్లు అడుగువారి సంఖ్య కూడ పెరుగుగాక. స్వస్తి.